వడదెబ్బ చావులపై మీ చర్చి సంఘం అర్జీ పెట్టాలంటే

మాది ఖమ్మం జిల్లాలో చిన్న ఊరు. నేను అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగిపోయాను. ఇప్పుడు మా సీఎస్ఐ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మిర్చి ఏరడానికి, ఉపాధి పనికి పోయేవాళ్లే.

2025 మే నెలలో, నాకు వదిన వరసయ్యే ఆమె ఉపాధి పని నుంచి ఇంటికి వచ్చి, చెంబు పట్టుకుని వాకిట్లోనే పడిపోయింది. సాయంత్రానికల్లా సమాధి చేశాం. దినాలు అయిపోయాక తెలిసింది, అంతకు ముందు నెలలోనే తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించిందని, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల సాయం ఉందని. మా దగ్గర పోస్టుమార్టం రిపోర్టు లేదు, పంచనామా లేదు. సాయం రాలేదు. ఆమె ఎండకు పోయిందని ప్రభుత్వ లెక్కలో కూడా లేదు. ఇంకో సంఘానికి ఇలా కాకూడదని, మేము నేర్చుకున్నది రాస్తున్నాను.

ముందు మీ భూస్థాపన రిజిస్టరు బయటికి తీయండి. అర్జీ పెట్టే ఏ సంస్థకూ లేనిది సంఘానికి ఉన్నది ఇదే. ఎవరు పోయారో, ఏ రోజు పోయారో అయ్యగారి (పాస్టరు) చేతిరాతతో ఏళ్ల తరబడి ఉంటుంది. గత పదేళ్లలో మార్చి నుంచి జూన్ దాకా జరిగిన చావులన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. పేరు పక్కన వయసు, చేసే పని, ఆ రోజు ఎక్కడ పని చేశారు, ఎన్ని గంటలకు పడిపోయారు, ఆసుపత్రికి తీసుకెళ్లారా అని గడులు గీయండి. రిజిస్టరులో లేనివి ఇంటింటికీ వెళ్లి అడగాలి. మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఆడవాళ్లు వెళ్తే మంచిది, ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టి చెబుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. వేసవిలో పోయిన ప్రతి ఒక్కరినీ వడదెబ్బ కింద రాయకండి. గుండె జబ్బు ఉంటే ఉందని, తెలియకపోతే తెలియదని రాయండి. ఒక్క తప్పుడు పేరు దొరికితే అధికారి మిగతా పేజీలన్నీ పక్కన పడేస్తాడు.

ఇక అన్నింటికన్నా కష్టమైన మాట. ఎండలో పని చేసి వచ్చి ఎవరైనా పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి, నీడకు చేర్చండి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఉండండి. ప్రాణం పోతే, సమాధికి తీసుకెళ్లకముందే పోలీసులకు, తహసీల్దారుకు చెప్పాలి. చావు వడదెబ్బ వల్లేనని మండల స్థాయిలో తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు ముగ్గురూ కలిసి తేల్చాలి. పోస్టుమార్టం కాగితం లేకపోతే వాళ్లు ఏమీ తేల్చలేరు. శవాన్ని కోయడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. ఏడుస్తున్న తల్లికి ఆ మాట ఎవరు చెప్పాలి? మా దగ్గర అయ్యగారే చెప్పాలని సంఘ పెద్దలం తీర్మానం చేశాం. చావింట్లో మొదటిసారి చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకే ఫిబ్రవరిలోనే, ఆరాధన చివర ప్రకటనలు చదివేటప్పుడు ఈ సంగతి చెప్పేస్తున్నాం. బైబిల్లో, బోయజు పొలంలో పరిగె ఏరుకునే రూతుకు దాహమైతే పనివాళ్లు తోడిన నీళ్లు తాగమన్న సంగతి అయ్యగారు ఆ రోజు ప్రసంగంలో ఎత్తుకున్నారు. పని చేసే చోట నీళ్లు అడగడం భక్తికి దూరమైన పని కాదని మా ఆడవాళ్లకు అప్పుడు బాగా అర్థమైంది.

ఒక్క చర్చి అర్జీ పెడితే అది చర్చి గొడవ అనుకుంటారు. మేము మసీదుకు వెళ్లి ఇమామ్ సాబ్‌ను, రామాలయం కమిటీ పెద్దలను కలిశాం. వాళ్ల వాళ్లూ అదే ఎండలో అదే మట్టి మోస్తున్నారు. ఇమామ్ సాబ్ అయితే, “మేమూ అదే రోజు ఖననం చేస్తామమ్మా, మాకూ ఈ కాగితాల సంగతి తెలియదు” అన్నారు. మూడు చోట్ల నుంచి సంతకాలు పడ్డాక అది ఊరి అర్జీ అయింది.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. భూగోళం వేడెక్కుతోందని మొదలుపెడితే రెండో వాక్యం ఎవరూ చదవరు. అది నిజం కాదని కాదు. కారు, ఏసీ ఎరగని కూలివాళ్ల మీద ఆ వేడి ముందుగా పడటం అన్యాయమనే మేము ఈ పనిలోకి దిగాం. కానీ ఏ అధికారి చేతిలో ఏముందో అదే ఆయన్ను అడగాలి. పంచాయతీని చలివేంద్రం, పని దగ్గర నీళ్లు, నీడకు టెంటు అడగండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. అందులో తీర్మానం రాయించి నకలు తీసుకోండి. మండల అభివృద్ధి అధికారి ఎంపీడీఓను ఉపాధి పని వేళలు మార్చమని అడగండి. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఇంటికి పంపాలి. మా వాళ్లు రెండోసారి హాజరు ఫోటో కోసమే ఎండలో కాచుకుని కూర్చునేవాళ్లు. అలాంటివి ఉంటే తేదీలతో సహా రాయండి.

కలెక్టరును అడగాల్సింది వేరు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. జిల్లా ప్రణాళికను ఏటా సరిచూడాలి. అందులో వడగాడ్పులకు ఏం రాశారు, మా మండలానికి ఏం ఉంది అని అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో నకలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. 2010 మేలో అహ్మదాబాదులో ఎండకు జనం విపరీతంగా చనిపోయారు. ఆ తర్వాతే 2013లో దేశంలో మొదటి వేసవి ప్రణాళిక అక్కడ వచ్చింది. మన జిల్లాలో కూడా చావులు లెక్కకు ఎక్కాలి. మన నోటుబుక్కు నకలు అర్జీకి జతచేయమనేది అందుకే. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న పేర్లే అందులో ఉంచండి.

ఇవన్నీ జనవరి, ఫిబ్రవరిలోనే జరగాలి. ఏప్రిల్లో పోతే మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చి పంపుతారు.

ఏ పార్టీవాళ్లనూ చర్చి లోపల మీటింగు పెట్టనివ్వకండి. మత స్థలాలను రాజకీయాలకు వాడకూడదని 1988లోనే చట్టం ఉంది. సర్పంచ్ అయినా ఎమ్మెల్యే అయినా, వాళ్ల ఆఫీసుకు మనమే వెళ్లి అర్జీ ఇద్దాం, అన్ని పార్టీలకూ అదే కాగితం. ఎన్నికల సమయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది, జనం అర్జీలు అక్కడ తీసుకుంటారు. ఐదుగురు వెళ్తే చాలు, అందులో ఇద్దరైనా పనికి పోయే ఆడవాళ్లు ఉండాలి. మాట్లాడేది వాళ్లే. మా చిన్నమ్మకు మైకు ముందు టెన్షన్‌తో గొంతు పెగల్లేదు. అరచేతుల్లో బొబ్బలు చూపించింది. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రాకండి. ఆ నంబరు, ఇచ్చిన తేదీ చర్చి నోటీసు బోర్డు మీద, కీర్తనల నంబర్ల కిందే సుద్దముక్కతో రాయండి. జవాబు వచ్చేదాకా దాన్ని చెరపకండి.