షెల్టర్ పిల్లలకు వైద్య సేవ ఎలా చేయాలి? బెంగళూరు తెలుగు వాలంటీర్ల కోసం

కర్నూలు, అనంతపురం వైపు నుంచి పని వెతుక్కుంటూ బెంగళూరు వచ్చిన కుటుంబాలున్నాయి. ఇంట్లో చెప్పకుండా రైలెక్కి నగర ప్రధాన స్టేషన్ ఉన్న మెజెస్టిక్‌లో దిగే పిల్లలూ ఉన్నారు. అందుకే ఇక్కడి షెల్టర్లలో తెలుగు వినబడుతుంది. మీరు డాక్టరు కాకపోయినా తెలుగు, కన్నడ రెండూ వస్తే అక్కడ బోలెడంత పని ఉంది. అయితే ఒక షరతు: వారం తిరిగేసరికి మళ్ళీ వెళ్ళలేకపోతే అసలు మొదలుపెట్టకండి. బ్యానర్ కట్టి, అరటిపళ్ళు పంచి వచ్చేసే శిబిరాలకు ఈ నగరంలో కొదవ లేదు.

ముందు అనుమతి

పిల్లల గృహాలు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నడుస్తాయి. సూపరింటెండెంటును కలిసి, వచ్చేవారి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కుటుంబాలు తలదాచుకునే రాత్రి బసల్లో అయితే తల్లినో తండ్రినో అడగాలి. వాళ్ళు కూలికి వెళ్ళాక పగటిపూట పోతే లాభం లేదు. ఫొటోలు వద్దు. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని ఆ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ముఖం కనబడకుండా తీశామన్న సమర్థన నాకు నచ్చదు.

ఏం పట్టుకెళ్ళాలి

పిల్లల డాక్టరు, నర్సు, రాసేవారు ఒకరు. బరువు యంత్రం, టేపు, టార్చి, ఆరు మీటర్ల దూరం నుంచి చదివించే కంటి చార్టు. మందుల సంచి చిన్నదే చాలు. గడువు దగ్గరపడిన శాంపిళ్ళు ఎవరిచ్చినా తీసుకోవద్దు.

పరీక్ష

పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పి చేయండి. "మీ అమ్మానాన్న ఎక్కడ?" అని అందరి ముందూ అడగవద్దు. ఎత్తు, బరువు, పుప్పిపళ్ళు, చూపు, రక్తహీనత చూడండి. చెవిలో చీము తప్పక చూడాలి: సరిగా వినబడని పిల్లలు ఆ మాట చెప్పరు, మొండివాళ్ళని పేరు తెచ్చుకుంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే అది తీవ్ర పోషకాహార లోపం. టానిక్కుతో సరిపెట్టకుండా ఆసుపత్రికి పంపాలి.

గజ్జి

వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర, నడుము చుట్టూ పొక్కులు; రాత్రయితే పెరిగే దురద. నలుగురు ఒకే చాపపై పడుకునే చోట ఒక్కరికి మందిస్తే ఎవరికీ ఇవ్వనట్టే. డాక్టరు రాసిచ్చిన 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును, దురద ఉన్నా లేకున్నా, ఆయాతో సహా ఆ గదిలో పడుకునే అందరూ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకోవాలి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు వేరుగా చెబుతారు. ఉదయం స్నానం చేయించి బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించండి. ఉతకలేనివాటిని సంచిలో మూటకట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. వారం తర్వాత అదే క్రీము ఇంకోసారి రాసుకోవాలి. మీరు రెండోసారి వెళ్ళాల్సింది అందుకే. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉండవచ్చు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మందు పనిచేయలేదని రోజూ పూస్తారు.

టీకాలు, నులిపురుగులు

కార్డు లేని బిడ్డకు టీకా వేయలేదనే లెక్క. దగ్గరి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. నులిపురుగుల మాత్రలు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. బడికి వెళ్ళని పిల్లలకు అందాయో లేదో అడగండి.

బిడ్డ నోరు విప్పితే

లైంగిక హింస జరిగిందని చెబితే శాంతంగా వినండి. గుచ్చి గుచ్చి అడగవద్దు, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వవద్దు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. సూపరింటెండెంటుకు చెప్పాం కదా అని ఊరుకోకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

బయలుదేరేముందు

ఆసుపత్రికి రాసిన పిల్లలను ఎవరు, ఏ రోజు తీసుకెళ్తారో అక్కడే తేల్చండి. చీటీ చేతికిస్తే ఎవరూ వెళ్ళరు. నిమ్హాన్స్ దగ్గర ఉన్న ఇందిరా గాంధీ శిశు ఆరోగ్య సంస్థకు పొద్దున్నే వెళ్ళడం మంచిది. ప్రతి బిడ్డకూ రెండు కార్డులు రాయండి. ఒకటి షెల్టర్ ఫైలులో ఉంటుంది. రెండోది, బిడ్డను సొంత ఊరికి పంపేటప్పుడు వెంట ఇవ్వడానికి. అందులో మందుల పేర్లు ఇంగ్లీషులో, ఎలా వాడాలో తెలుగులో రాయండి.