విదేశంలో సొంత ఇల్లు: ఆర్కిటెక్టుతో కలిసి డిజైన్ చేయించుకోవడం ఎలా?

విదేశంలో ఇల్లు కట్టించుకునేవారిలో చాలామంది రోజూ సైటుకు వెళ్లి, మేస్త్రీ పక్కన నిలబడి, కిటికీ ఇంకాస్త పైకి జరపమని చెప్పగలిగే స్థితిలో ఉండరు. చెప్పవలసినదంతా కాగితం మీదే, ముందుగానే చెప్పాలి. కాగితం మీద గోడను జరపడానికి ఒక పూట చాలు. కట్టిన గోడను జరపాలంటే కూల్చిన ఖర్చు, మళ్లీ కట్టిన ఖర్చు, మధ్యలో ఆగిపోయిన పనుల నష్టం అన్నీ యజమాని మీదే పడతాయి.

1. స్థలం కొనకముందే నిబంధనలు తెలుసుకోండి

కొన్ని దేశాల్లో విదేశీయులు భూమిని నేరుగా సొంతం చేసుకోలేరు. థాయ్‌లాండ్‌లో విదేశీయుల పేరున భూమి కొనడానికి సాధారణంగా వీలు లేదు. మెక్సికోలో సముద్ర తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపు ఉన్న స్థలంలో ఇల్లు కట్టుకోదలచిన విదేశీయులు బ్యాంకు ట్రస్టు ద్వారా దాన్ని తీసుకుంటారు. అమ్మేవారితో సంబంధం లేని న్యాయవాది చేత పత్రాలు పరిశీలింపజేయండి. వీలైతే ఒప్పందానికి ముందే ఆర్కిటెక్టును కూడా స్థలానికి తీసుకెళ్లండి. హద్దుల నుంచి ఎంత దూరం వదలాలి, ఎన్ని అంతస్తులు వేయవచ్చు, వాననీరు ఎటు పారుతుంది, లారీ లోపలికి రాగలదా అనేవి వారికి చూడగానే చాలావరకు అర్థమవుతాయి.

2. ఆ దేశపు లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టును ఎంచుకోండి

బ్రిటన్‌లో 1997 నాటి చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేనివారు ఆర్కిటెక్టుగా చెప్పుకుని వృత్తి చేయకూడదు. ఆ రిజిస్టరును ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాలవారీగా ఇస్తారు కనుక, మీ స్థలం ఉన్న రాష్ట్రంలో అది చెల్లుతుందో లేదో అడగండి. ఫ్రాన్స్‌లో సొంతానికి కట్టుకునే ఇల్లయినా 150 చదరపు మీటర్లు దాటితే ఆర్కిటెక్టు తప్పనిసరి. మీకు నచ్చిన డిజైనర్ వేరే దేశంలో ఉంటే, వారితో పాటు స్థానిక ఆర్కిటెక్టును కూడా నియమించుకుని, ఎవరి బాధ్యత ఎంతవరకో రాయించుకోండి.

వెబ్‌సైటులోని ఫొటోలతో తృప్తి పడకుండా, వారు కట్టించిన ఒకటి రెండు ఇళ్ల యజమానులతో మాట్లాడండి. మొదట చెప్పిన ఖర్చుకు, చివరికి అయిన ఖర్చుకు తేడా ఎంత? గీసే పని వారే చేస్తారా, సహాయకులకు అప్పగిస్తారా? నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: నచ్చలేదని మీరు చెప్పినప్పుడు వారు ఎలా స్పందించారు? మొహమాటం లేకుండా కాదనగలిగే చనువు లేనిచోట, ఎంత పేరున్న ఆర్కిటెక్టయినా మీ ఇల్లు మీకు ఇవ్వలేరు.

3. మీ రోజు ఎలా గడుస్తుందో రాసి ఇవ్వండి

నాలుగు పడకగదులు, పెద్ద హాలు, ఓపెన్ కిచెన్ అని రాసిస్తే ఆర్కిటెక్టుకు గదుల లెక్క మాత్రమే అందుతుంది. ఇంట్లో ఎవరు ముందు లేస్తారు, ఆ చప్పుడుకు ఎవరి నిద్ర చెడుతుంది, బట్టలు ఎక్కడ ఆరేస్తారు, వంట చేస్తూ పిల్లలను కనిపెట్టుకుని ఉండాలా, మెట్లు ఎక్కలేని పెద్దలు వచ్చి నెలల తరబడి ఉంటారా, ఇల్లు ఏడాదిలో ఎన్నాళ్లు తాళం వేసి ఉంటుంది అనే వివరాలు రాయండి. తాళం వేసి ఉండే ఇంటికి గాలి ఆడే ఏర్పాటు, పైపుల్లో నీరు గడ్డకట్టకుండా జాగ్రత్త వంటివి డిజైన్‌లోనే ఉండాలి. వెంట తెచ్చుకునే పెద్ద మంచం, బీరువా, పియానో వంటివాటి కొలతలు కూడా జతచేయండి.

మీకు అలవాటైన దిక్కుల లెక్కను అక్కడికి యథాతథంగా తీసుకెళ్లకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దక్షిణార్ధగోళ దేశాల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు కాబట్టి, చలికాలపు ఎండ కావాలనుకునే గదిని ఉత్తర ముఖంగా పెడతారు. బడ్జెట్‌ను మాత్రం దాచకండి. తక్కువ చెబితే మంచి ఆలోచనలు ముందే ఆగిపోతాయి, ఎక్కువ చెబితే గీసిన ప్లాను కట్టలేనిదవుతుంది.

4. ఒప్పందంలో దశలు స్పష్టంగా ఉండాలి

బ్రిటన్‌లో ఆర్కిటెక్టుల సంస్థ ఆర్‌ఐబీఏ రూపొందించిన విధానంలో 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలున్నాయి; జర్మనీలో తొమ్మిది; అమెరికాలో సాధారణంగా ఐదు. లెక్క ఏదైనా, ఏ దశలో మీ చేతికి ఏ డ్రాయింగులు వస్తాయి, ఎన్నిసార్లు ఉచితంగా మారుస్తారు, ఎంత ఫీజు చెల్లించాలి అనేవి రాతలో ఉండాలి. నిర్మాణ ఖర్చులో శాతంగా ఫీజు తీసుకునే పద్ధతి ఉంటే, ఖర్చు పెరిగినప్పుడు ఫీజు కూడా పెరుగుతుందా అని అడగండి. స్ట్రక్చరల్ ఇంజనీర్ ఫీజు, మట్టి పరీక్ష, స్థలం సర్వే అందులో కలిసి ఉన్నాయా? సైటుకు ఎన్నిసార్లు వెళతారు? వృత్తిపరమైన బీమా ఉందా? డ్రాయింగుల మీద కాపీరైటు సాధారణంగా ఆర్కిటెక్టుదే కాబట్టి, మధ్యలో విడిపోతే వాటిని మీరు వాడుకోవచ్చో లేదో కూడా రాయించుకోండి.

5. డ్రాయింగును నేల మీద గీసి చూడండి

1:50 స్కేలులో కాగితం మీది 2 సెంటీమీటర్లు నేల మీద 1 మీటరు. అమెరికన్ డ్రాయింగుల్లో అడుగులు, అంగుళాలు ఉంటాయి. మీకు అలవాటు లేని కొలతలైతే మార్చి రాసుకోండి.

ఆపైన సుద్దముక్క, టేపు తీసుకుని వంటగదిని అసలు కొలతల్లో నేల మీద గీయండి. రెండు గట్ల మధ్య 90 సెంటీమీటర్ల దారి కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. ఒకరు ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడితే వెనక నుంచి రెండో మనిషి వెళ్లలేరని ఆ సుద్దగీతల మధ్య నిలబడినప్పుడే తెలుస్తుంది. తలుపులు ఎటు తెరుచుకుంటాయో, స్విచ్ ఏ చేతికి అందుతుందో అదే పద్ధతిలో చూడండి. త్రీడీ చిత్రాలు అందంగా ఉంటాయి కానీ, వాటిలో గదులు ఉన్నదాని కన్నా విశాలంగా కనిపించవచ్చు. నమ్మవలసింది కొలతలు వేసిన ప్లానునే.

ప్రతి వీడియో సమావేశం తరువాత ఏం నిర్ణయించారో అదే రోజు ఈమెయిల్‌లో రాసి పంపండి. ఇంట్లో ఒక్కరే ఆర్కిటెక్టుకు జవాబివ్వాలి; భార్య ఒకటి, భర్త ఒకటి చెబితే ఏ మార్పు ఖాయమైందో ఎవరికీ తెలియదు. డ్రాయింగు మారిన ప్రతిసారీ దాని మీద కొత్త తేదీ, కొత్త నంబరు ఉండేలా చూడండి.

6. అనుమతులు, టెండర్లు

ఇంగ్లండ్‌లో ఆ స్థలంలో ఆ ఇల్లు కట్టవచ్చని ఇచ్చే ప్లానింగ్ అనుమతి వేరు, కట్టే తీరు సరిగా ఉందని ఇచ్చే భవన నిబంధనల ఆమోదం వేరు. మొదటిది వచ్చాక సాధారణంగా మూడేళ్లలోపు పని మొదలుపెట్టాలి. సంతకాలకు మీరు వెళ్లలేకపోతే, పరిమిత అధికారాలతో పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అవసరమైతే అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించండి.

వివరమైన డ్రాయింగులు పూర్తయ్యాకే, ఒకే సెట్టును కనీసం ముగ్గురు కాంట్రాక్టర్లకు ఇచ్చి ధరలు అడగండి. అందరికన్నా బాగా తక్కువకు వచ్చిన టెండరులో ఏవేవి వదిలేశారో ఆర్కిటెక్టు చేత వెతికించండి. అనుకోని ఖర్చులకు కనీసం పది శాతం పక్కన పెట్టండి.

7. నిర్మాణ సమయంలో

ఒక్కో దశ పని పూర్తయిందని ఆర్కిటెక్టు ధ్రువీకరించాకే కాంట్రాక్టరుకు వాయిదా చెల్లించేలా ఏర్పాటు చేసుకోండి. గోడలు మూసేముందు పైపులు, వైర్లు కనిపించేలా, పక్కనే కొలత టేపు పట్టి ప్రతి గోడనూ ఫొటో తీయించండి. ఇల్లు అప్పగించేటప్పుడు లోపాల జాబితా తయారుచేసి, అవి సరిచేసేవరకు కొంత సొమ్ము ఆపుకునే హక్కు ఒప్పందంలో ఉండాలి. స్పెయిన్‌లో 1999 నాటి చట్టం నిర్మాణ బలానికి సంబంధించిన లోపాలకు పదేళ్లు, నివాస యోగ్యతకు సంబంధించినవాటికి మూడేళ్లు, పైపై పనులకు ఒక ఏడాది బాధ్యత విధించింది. మీరు ఇల్లు కట్టించుకునే దేశంలో ఆ గడువులెంతో తెలుసుకుని, అవి ముగిసేలోపు ఇంటిని ఒకసారి పూర్తిగా తనిఖీ చేయించండి. తాళాలతో పాటు, నిజంగా కట్టిన తీరును చూపే చివరి డ్రాయింగులను కూడా అడిగి తీసుకోండి.