టవర్ కదల్లేదు, లైసెన్సులో అంకె తప్పు: ఎఫ్‌సీసీ దగ్గర దిద్దించుకోవడం ఎలా?

అమెరికాలో రేడియో ప్రసారాలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. అది ఇచ్చిన ఎఫ్ఎం స్టేషన్ లైసెన్సులో రాసిన చోటు ఒకటి, టవర్ నిలబడిన చోటు ఇంకొకటి అని తేలితే ముందు చూడాల్సింది డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను కొలవడానికి ఆధారంగా తీసుకునే ప్రమాణం. పాత లైసెన్సుల్లో అక్షాంశ రేఖాంశాలు ఎన్ఏడీ 27 అనే పాత డేటమ్‌లో ఉంటాయి. ఇప్పుడు ఎఫ్‌సీసీకి దరఖాస్తులు పెట్టే ఎల్ఎంఎస్ పోర్టల్, టవర్ రిజిస్ట్రేషన్ కొత్త డేటమ్ ఎన్ఏడీ 83లో నడుస్తాయి. పసిఫిక్ తీరంలో ఒక్క డేటమ్ మార్పుకే రేఖాంశం 3 సెకన్లకు (ఇక్కడ సెకను అంటే కాలం కాదు, డిగ్రీలో 3600వ వంతు) పైగా జరుగుతుంది. అది తప్పనుకుని దిద్దబోతే సరిగ్గా ఉన్న లైసెన్సే చెడుతుంది. అందుకే రెండింటినీ ఒకే డేటమ్‌లోకి మార్చాకే పోల్చండి.

ఫోన్ జీపీఎస్ అనుమానం తీర్చుకోవడానికి సరిపోతుంది. దాఖలు చేసే అంకె మాత్రం సర్వేయర్ ఇచ్చిందే కావాలి. 1ఏ స్థాయి కచ్చితత్వపు సర్టిఫికెట్ అడగండి: అంటే అడ్డంగా 20 అడుగులు, ఎత్తులో 3 అడుగుల లోపు తేడా.

ఇక ఎఫ్‌సీసీ నిబంధన 73.1690. అక్షాంశంలోనూ రేఖాంశంలోనూ తేడా 3 సెకన్లు మించకపోతే నిర్మాణ అనుమతి అక్కర్లేదు, షెడ్యూల్ 302-ఎఫ్ఎం అనే లైసెన్సు దరఖాస్తు ఫారం చాలు. 35వ అక్షాంశం దగ్గర 3 సెకన్లంటే ఉత్తర దక్షిణాలుగా సుమారు 92 మీటర్లు, తూర్పు పడమరలుగా 76 మీటర్లే. కాబట్టి మీటర్లు చూసి నిర్ణయించకండి, సెకన్లు లెక్కపెట్టండి. లైసెన్సులో అక్షాంశం 35-12-40 (డిగ్రీలు-నిమిషాలు-సెకన్లు) ఉండి సర్వేలో 35-12-42.6 వస్తే తేడా 2.6, గట్టెక్కినట్టే. రేఖాంశం 3.4 తేడా వస్తే మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

ఈ సులువు దారికి షరతులున్నాయి. టవర్ భౌతికంగా కదిలి ఉండకూడదు, ఎత్తు, పవర్ లాంటివేవీ మారకూడదు. దిద్దుబాటు వల్ల ఇతర స్టేషన్లతో ఉండాల్సిన కనీస దూరం కొత్తగా తగ్గకూడదు, ముందే తక్కువుంటే ఇంకా తగ్గకూడదు. ఒకే ఫ్రీక్వెన్సీపై ఉన్న రెండు క్లాస్ ఏ (తక్కువ పవర్ తరగతి) స్టేషన్ల మధ్య 115 కిలోమీటర్లు ఉండాలి. దూరాన్ని దగ్గరి పూర్తి కిలోమీటరుకు సవరిస్తారు గనుక అంచున ఉన్న స్టేషన్‌కు 80 మీటర్లు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రతి పొరుగు స్టేషన్‌కూ పాత దూరం, కొత్త దూరం పక్కపక్కన చూపే పట్టికను దరఖాస్తుకు ఎగ్జిబిట్‌గా (అనుబంధ పత్రంగా) జతచేయండి.

పని ఎక్కువగా ఆగేది టవర్ రిజిస్ట్రేషన్ దగ్గర. రిజిస్టరైన టవర్‌కు 1 సెకను లేదా 1 అడుగు తేడా వచ్చినా రిజిస్ట్రేషన్ మార్చాలి. ముందు విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు ఫారం 7460-1, అక్కడి నుంచి విమానాలకు ప్రమాదం లేదన్న నిర్ణయం వచ్చాక ఎఫ్‌సీసీకి ఫారం 854. ఈ రెండూ టవర్ యజమాని పెట్టాల్సినవి. మీరు అద్దెకున్న టవరైతే సర్వే కాగితం చేతికందిన రోజే ఆయనకు పంపండి. రిజిస్ట్రేషన్‌లో ఒక అంకె, మీ దరఖాస్తులో ఇంకో అంకె ఉంటే ఫైలు అక్కడే చిక్కుకుంటుంది.

3 సెకన్లు దాటితే ముందుగా నిర్మాణ అనుమతి కావాలి: వాణిజ్య స్టేషన్లకు షెడ్యూల్ 301, వాణిజ్యేతర విద్యా స్టేషన్లకు 340. మంజూరయ్యాక 302-ఎఫ్ఎం. టవర్‌పై ఒక్క బోల్టు కదపకపోయినా ఈ రెండంచెలూ తప్పవు. ఈలోగా ప్రసారం లైసెన్సుకు భిన్నంగా నడుస్తున్నట్టే కనుక తాత్కాలిక ప్రత్యేక అనుమతికి కూడా వెంటనే దరఖాస్తు పెట్టండి.