తీవ్రమైన మెదడు గాయంలో రక్తపరీక్ష ఫలితాన్ని అర్థం చేసుకోవడం ఎలా?

గ్లాస్గో కోమా స్కోరు (రోగి స్పృహ స్థాయిని కొలిచే అంకె) 8 లేదా అంతకంటే తక్కువగా ఉన్న రోగి బతికే అవకాశాన్ని అంచనా వేసేటప్పుడు, మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ప్రోటీన్ విలువ పక్కనే గాయమైన సమయాన్నీ నమూనా తీసిన సమయాన్నీ తప్పక రాసుకోవాలి. ఎందుకంటే ఈ ప్రోటీన్లలో యూసీహెచ్-ఎల్1 తొలి గంటల్లోనే పెరిగి తగ్గుముఖం పడుతుంది, జీఎఫ్ఏపీ మాత్రం గరిష్ఠ స్థాయికి చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

ఇలాంటి మరో ప్రోటీన్ అయిన ఎన్ఎస్ఈ పరీక్షకు ముందు సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) రంగును స్వయంగా చూడండి. గులాబీ ఛాయ కనిపిస్తే ఎర్రకణాలు పగిలాయని అర్థం. వాటిలోనూ ఎన్ఎస్ఈ ఉంటుంది కనుక మళ్లీ నమూనా తీయించాలి.

ఏ విలువనైనా వయసు, కంటిపాపల స్పందన, సీటీ స్కాన్‌లతో కలిపే చూడాలి. ఒక్క అంకెను చూపి ఆశ లేదని కుటుంబానికి చెప్పడం, నా దృష్టిలో, ఘోరమైన తప్పు.

ఎస్100బీ అనే ప్రోటీన్ మెదడు నుంచే కాక విరిగిన ఎముకలు, నలిగిన కొవ్వు నుంచి కూడా వెలువడుతుంది. అయితే తగ్గిన ఎస్100బీ స్థాయి మళ్లీ పెరిగితే, మెదడుకు కొత్తగా హాని జరుగుతోందేమోనని వెంటనే పరిశీలించాలి.