చలికాలపు కొండల్లో తక్కువ ఖర్చుతో పక్షుల ఫొటోలు

హిమాలయాల్లో వన్యప్రాణుల ఫొటోలు తీయాలనుకునే వారు మంచు చిరుతతో మొదలుపెట్టి డబ్బు పోగొట్టుకోవడం కంటే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఉత్తరాఖండ్‌లోని సత్తాల్, పంగోట్ ప్రాంతాలకు వెళ్లడం మేలని నా అభిప్రాయం. పై ఎత్తుల్లో చలి ముదిరేసరికి అక్కడి పక్షులు అనేకం దిగువ లోయల్లోకి వలస వస్తాయి కాబట్టి, పెద్ద ట్రెక్కింగ్ లేకుండానే అవి కనిపిస్తాయి. ఢిల్లీ నుంచి ఆ ప్రాంతాలకు దగ్గరి రైల్వే స్టేషన్ అయిన కాఠ్‌గోదాంకు రాత్రి రైలు ఎక్కితే ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. అక్కడి నుంచి సత్తాల్‌కు దగ్గర్లోని భీమ్‌తాల్ దాకా బస్సులు, షేర్ జీపులు దొరుకుతాయి.

బరువైన ట్రైపాడ్ మోయనక్కరలేదు. ఖాళీ గుడ్డసంచి ఒకటి పట్టుకెళ్లి, అక్కడి కిరాణా కొట్లో రెండు కిలోల శనగలు కొని నింపి మూతి కట్టి, గోడ మీద గానీ జీపు కిటికీ అంచున గానీ పెట్టి దానిపై లెన్స్ ఆనిస్తే చెయ్యి వణికినా ఫొటో చెదరదు. (తిరుగు ప్రయాణంలో ఆ శనగలు మీరు బస చేసిన ఇంటివారికే ఇచ్చేయవచ్చు.)

చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కనుక అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచుకోవాలి. వెచ్చని గదిలోకి వచ్చే ముందే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, గంటసేపు తెరవకుండా ఉంచితే తేమ సంచి పైనే పడుతుంది, లెన్స్ లోపల పట్టదు.