4 జీబీ ర్యామ్‌తో ప్లాస్మాను బిల్డ్ చేసేటప్పుడు

హనుమకొండలో మా ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మాను సోర్సు కోడు నుంచి బిల్డ్ చేస్తుంటే, సగం దాటగానే మౌసు కూడా కదలకుండా తెర బిగుసుకుపోయి, చివరికి ‘కిల్డ్’ అన్న ఒక్క మాటతో పని ఆగిపోయేది. కారణం ర్యామ్ చాలకపోవడమే. మనం ఏమీ చెప్పకపోతే, బిల్డ్‌ను నడిపించే నింజా అనే సాధనం ప్రాసెసర్ కోర్ల సంఖ్యకు మరో 2 కలుపుకొని, అంటే 4 కోర్ల యంత్రంలో 6 ఫైళ్లను ఒకేసారి కంపైల్ చేయబోతుంది. పెద్ద సీ ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కటే 1 జీబీకి పైగా తీసుకునే సందర్భాలున్నాయి.

అందుచేత కోర్లను కాక ర్యామ్‌ను చూసి, ప్రతి 2 జీబీకి ఒక ఫైలు చొప్పున లెక్కగట్టండి. 4 జీబీ ఉంటే నింజా ఆదేశం చివర హైఫన్, చిన్న జె, దాని పక్కనే 2 రాయాలి. 8 జీబీ ఉంటే 4. రాత్రి పెట్టి పడుకోవడం మంచిది. నడుమ కరెంటు పోయినా, అదే ఆదేశాన్ని తిరిగి ఇస్తే పూర్తయిన ఫైళ్లను వదిలి మిగిలినవాటినే అందుకుంటుంది. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌లో, ఒకసారి కంపైల్ చేసిన ఫలితాలను దాచి ఉంచే సీక్యాష్‌ను కంపైలర్ లాంచర్‌గా పెట్టుకుంటే, బిల్డ్ ఫోల్డరును తుడిచి మళ్లీ మొదలుపెట్టినప్పుడు కూడా చాలా సమయం మిగులుతుంది.

అయితే వెబ్ పేజీలను చూపించే భారీ లైబ్రరీ క్యూటీ వెబ్‌ఇంజిన్ దగ్గర ఈ లెక్క నిలవదు. దానిని మాత్రం బిల్డ్ చేయకుండా, మీ డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే ప్యాకేజీనే ఇన్‌స్టాల్ చేసుకోండి.