పనిముట్ల బోర్డు గోడకు బిగించే ముందు జాగ్రత్తలు

☐ పనిముట్లన్నీ ముందు నేల మీద పరిచి, బోర్డు మీద ఎలా ఉండాలో అలా అమర్చి చూడండి. రోజూ వాడే స్పానర్లు, స్క్రూడ్రైవర్లు నడుముకీ కంటికీ మధ్య ఎత్తులో రావాలి.

☐ స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా డ్రిల్ పెట్టకండి. గోడలో వైర్లు ఎక్కువగా అక్కడే దిగుతాయి.

☐ ప్లాస్టరింగ్‌లో స్క్రూ నిలవదు. 8 మి.మీ. ప్లగ్గు (స్క్రూ పట్టుకునేలా రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) మొత్తం ఇటుకలోకి దిగాలి. రంధ్రంలో పొడి ఊదేయకుండా ప్లగ్గు కొడితే పట్టు దొరక్క, బరువు పడ్డాక మెల్లగా జారుతుంది. చాలా బోర్డులు ఊడేది ఇందుకే.

☐ చిల్లుల బోర్డయితే వెనక 20 మి.మీ. చెక్క పట్టీలు తప్పనిసరి, లేకపోతే కొక్కేలు దూరవు.

☐ జాక్, వైస్ లాంటి బరువులు కింది అరలోనే.

☐ క్లిక్ రకం టార్క్ రెంచ్‌ను (పెట్టుకున్న బిగువు రాగానే క్లిక్‌మనే రెంచ్) పని అయ్యాక స్కేలు మీది కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి, అంతకన్నా వదులు చేయకండి. బిగువుగా వదిలేస్తే స్ప్రింగు నొక్కుకుపోయి బలం తగ్గి కొలత తప్పుతుంది.

☐ అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా వేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.